చిల్లరే కదా అనుకోకండి!

"ఏమ్మా, మీ ఆయన పాత నాణేలు మానేసి ఇప్పుడు చిల్లర ఏరుకుంటా ఉండాడంట, నిజమేనా?" అని మొన్న పక్కింటి పెద్దమ్మ పిట్టగోడ మీంచి అడిగింది. ఏనుగు దిగి గాడిదెక్కిన వాళ్లను చూసి జాలిపడినట్టుంది ఆమె వాలకం. నాకు నవ్వొచ్చింది.

నిజమే మరి. ఇరవై ఏళ్లపాటు విక్టోరియా రాణి రూపాయల కోసం, నవాబుల నాటి కాసుల కోసం ఊళ్లు తిరిగిన మనిషి మావారు. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక చాప మీద రూపాయి, రెండు రూపాయల బిళ్లలు కుమ్మరించి, సంవత్సరం అంకె కింద ఏ గుర్తుందా అని భూతద్దం పెట్టి వెతుకుతున్నారు. ఒక పక్క మా అమ్మాయి, ఇంకో పక్క నేను. ఇలా పాతవి వదిలి కొత్తవాటి మీద పడ్డవాళ్లు ఆయనొక్కరే కాదు, నాణేలు పోగేసేవాళ్లలో చాలామందే ఉన్నారు. "పాతవి కొనే స్తోమత లేక" అని తేలిగ్గా తీసేస్తారు చూసేవాళ్లు. అది సగం నిజం. మిగతా సగం చెప్పాలనే ఈ నాలుగు ముక్కలు.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. 1939 నాటి జార్జి చక్రవర్తి వెండి రూపాయి చాలా అరుదు. అది ఒక వ్యాపారి దగ్గర ఉందని తెలిసి మావారికి నిద్రపట్టలేదు. చివరికి కొన్నారు. అమ్మాయి స్కూలు ఫీజుకని నేను బియ్యం డబ్బాలో దాచిన డబ్బు కూడా అందులోకే పోయింది. ఆ రూపాయి 11.66 గ్రాములు తూగాలి. తెలిసిన కంసాలి కాటాలో వేస్తే తూగలేదు. అంచున ఉండాల్సిన గీతలూ సరిగ్గా లేవు. దొంగ నాణెం! చెప్పొద్దూ, డబ్బు పోయినందుకు కాదు నా కోపం. నన్నొక్క మాట అడగనందుకు.

ఆయన వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడు మా అత్తమ్మ తన పెట్టెలోంచి ఒక రేకు డబ్బా తెచ్చి కొడుకు ముందు పెట్టింది. "ఇవి చూడు నాయనా. ఇవి మాత్రం దొంగవి కావు. ఒక్కొక్కటీ నా చేత్తో వేసుకున్నవే" అంది. అందులో ఉన్నవి ఉత్త రూపాయి బిళ్లలు. 1992లో కొత్తగా వచ్చిన స్టెయిన్‌లెస్ స్టీలు రూపాయలు.

అవి ఎక్కడివో నెల్లూరు జిల్లా ఆడవాళ్లకు చెప్పక్కర్లేదు. 1992లో దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. ఆ సెగ జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో నిలిచేటట్టు, రోజుకు ఒక రూపాయి దాచుకుందామని పొదుపు లక్ష్మి గుంపులు మొదలయ్యాయి. మా అత్తమ్మా ఒక గుంపులో చేరింది. గుంపులో కట్టగా మిగిలిన బిళ్లలు ఆ డబ్బాలో ఉండిపోయాయి. వాటి మీద రాజూ లేడు, రాణీ లేదు. కానీ మన చరిత్ర వాటి మీద ఉందా లేదా, మీరే చెప్పండి.

ఆ రాత్రి నుంచే మావారి దారి మారింది.

పాత నాణేల్లో ఉన్న పెద్ద చిక్కు నమ్మకం. అది ఎక్కడ దొరికింది, ఎన్ని చేతులు మారింది, అసలుదా నకలుదా అన్నది అమ్మేవాడి నోటి మాట మీదే ఉంటుంది. కొంతమంది ఇళ్లలో దేవుడి దగ్గర పెట్టుకునే రాముడి పట్టాభిషేకం బిళ్లే చూడండి. ఒక పక్క 1818, ఈస్టిండియా కంపెనీ అని రాసి ఉంటుంది. కంపెనీ వాళ్లు అలాంటి నాణెం ఎప్పుడూ ముద్రించలేదు. భక్తితో పూజించుకుంటే తప్పులేదు గానీ, లక్షలు పలుకుతుందంటే నమ్మకండి. బియ్యపు గింజల్ని లాగే "రైస్ పుల్లింగ్" నాణెమంటూ కుటుంబాలను ముంచిన మోసాలు మన రాష్ట్రంలో ఎన్ని బయటపడలేదు!

ఇంకో సంగతి. పాత నాణెం కొనే ప్రతి చేతి వెనక ఎక్కడో ఒక చోట మట్టి తవ్విన చెయ్యి ఉండొచ్చు. 1780ల్లో మన నెల్లూరు దగ్గరే ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత. నిండా రోమను బంగారు నాణేలు! ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణివి. పాపం ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగించేశారు. ఆర్కాటు నవాబు కుటుంబానికి చెందిన అమీరుల్ ఉమరా ముప్పై పైచిలుకు మాత్రం దక్కించుకున్నాడు. వాటిలో కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్నింటికి చిల్లులున్నాయట. ఎవరో నగగా వేసుకుని ఉంటారన్నమాట, మన కాసులపేరులాగా. ఆ మెడ ఎవరిదో, ఏ ఊరిదో ఇక ఎవరూ చెప్పలేరు. అందుకే పది రూపాయలకు మించిన విలువ గల నిధి భూమిలో దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం చెబుతోంది. దొరికిన చోటు తెలియని నాణెం, అడ్రసు లేని ఉత్తరం లాంటిది.

కొత్త నాణేలతో ఈ బాధలు లేవు. ఖర్చు ముఖవిలువే. ఇంటిల్లిపాదికీ పని. సంవత్సరం కింద నక్షత్రం ఉంటే మన హైదరాబాదు టంకశాలది. డైమండ్ గుర్తుంటే ముంబయి, చిన్న గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఒకే ఏడాది రూపాయిని నాలుగు ఊళ్ల నుంచి సంపాదించడం ఎంత కష్టమో వెతికితేగానీ తెలీదు. మా అమ్మాయి కూరగాయల చిల్లరలో కావలసిన బిళ్ల దొరికిందని గంతులేసింది చూడండి, జార్జి రూపాయి కొన్ననాడు మావారి మొహంలో ఆ సంతోషం నేను చూడలేదు. హైదరాబాదు సైఫాబాదులోని పాత టంకశాల 1903 నాటిది. 2022లో అక్కడ మ్యూజియం తెరిచారు. ఈ సెలవుల్లో అందరం అక్కడికి పోదామనుకుంటున్నాం.

"ఇప్పటి చిల్లర ఎక్కడికి పోతుంది, దాచడమెందుకు?" అంటారేమో. అలా అనుకునే చాలా పోగొట్టుకున్నాం. 1957 ఏప్రిల్ ఒకటిన నయాపైసలు వచ్చి అణాలు, బేడలు పోయాయి. ఆరు పలకల మూడు పైసల బిళ్ల, నలుచదరపు పైసా ఇప్పటి పిల్లలు చూశారా? 1968లో తామరపువ్వు బొమ్మతో ఇత్తడి రంగు ఇరవై పైసలు వచ్చాయి. మా అత్తమ్మ వరలక్ష్మీ వ్రతానికి నూటెనిమిది పోగేసింది గనక మా ఇంట్లో మిగిలాయి. 2011 జూన్ 30తో పావలా చెల్లకుండా పోయింది. పావలా వడ్డీ అన్న మాటే మిగిలింది. పది రూపాయల బిళ్ల తీసుకోమని అంగళ్ల వాళ్లు మొండికేస్తే, పద్నాలుగు రకాలూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు 2018లో చెప్పాల్సి వచ్చింది. మా వెంకటాచలం టోల్‌గేటు దగ్గర చిల్లర గలగలలు ఫాస్టాగు వచ్చాక ఆగిపోయాయి. చేపలమ్మే ఆమె గంప పక్కన కూడా ఇప్పుడు ఫోను స్కానింగు అట్ట ఉంది. మనవరాలి నాటికి రూపాయి బిళ్లే పాత నాణెమవుతుంది. అప్పుడు దానికీ దొంగవి పుట్టుకొస్తాయి!

అలాగని పాతవాటిని పారేయమనడం లేదు. ఇంట్లో తాతల నాటి చిల్లికానీ ఉంటే అమ్మకండి. ముఖ్యంగా చింతపండు పెట్టి తోమకండి. ఒక శ్రావణ శుక్రవారం నాడు నేనా పని చేసి మావారి చేత చీవాట్లు తిన్నాను, న్యాయంగానే. తోమితే పైపొర పోయి నాణెం విలువ పడిపోతుంది. ఒక కాగితంలో చుట్టి, అది ఎవరిదో, ఎలా వచ్చిందో నాలుగు ముక్కలు రాసిపెట్టండి. వైష్ణోదేవి బొమ్మ ఉన్న అయిదు రూపాయలకు లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఫోనులో ఎవరైనా అంటే పెట్టెయ్యండి. ఇలాంటి వాటితో తమకు సంబంధం లేదని రిజర్వు బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.

అత్తమ్మ డబ్బాలోని రూపాయల్ని ఇప్పుడు ఆల్బంలో పెట్టాం. మొదటి పేజీ వాటిదే. కింద అమ్మాయి తన చేత్తో రాసింది: "నాయనమ్మ పొదుపు రూపాయలు, నెల్లూరు జిల్లా." దొంగ జార్జి రూపాయి కూడా ఉంది, ఆఖరి పేజీలో, బుద్ధి చెప్పడానికి.

ఆడవాళ్ల దగ్గర చిల్లర ఎప్పుడూ ఉంటుందని నవ్వుతారు మగవాళ్లు. నవ్వనివ్వండి. ఈ పూట మీ పోపుల డబ్బా ఒకసారి వంపి చూడండి. ఏ గుర్తు దొరికిందో పిల్లలతో వెతికించండి. పక్కింటి పెద్దమ్మ కూడా నిన్న గుప్పెడు చిల్లర తెచ్చి, "ఇందులో మన హైదరాబాదువి ఎన్ని ఉండాయో చూడమ్మా" అని ఇచ్చి పోయింది!