పుణ్యస్నానానికి మాత్ర.. కాలి సిరలో ముప్పు
నెలసరి వాయిదా మందులపై అడిగేవారే కరవు

రాజమహేంద్రవరం: గోదావరి పుష్కరాలు 2027లో రానున్నాయి. ఘాట్లు, రహదారులు, బందోబస్తుపై ఆలోచనలు ఒకవైపు సాగుతుండగా, ఇళ్లలో ఆడవారి మధ్య మాత్రమే నడిచే మరో సన్నాహం ఏ సమీక్షలోనూ చర్చకు రాదు. స్నానం నాటికి నెలసరి అడ్డు రాకుండా మాత్రలు మింగడమే అది. 2015 పుష్కరాల సమయంలో నగరంలోని ఓ మందుల దుకాణం వద్ద ఈ విలేకరి నిలబడి ఉండగా, అరగంట వ్యవధిలో నలుగురు ఈ మాత్రలే కొనుగోలు చేశారు. వారిలో ఒకరు పదో తరగతి చదివే కుమార్తె కోసం వచ్చిన తండ్రి. ఎవరి చేతిలోనూ వైద్యుని చీటీ లేదు. ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉందా అని దుకాణదారు అడిగిందీ లేదు.

ఆ మాత్రల్లో ఉండేది సాధారణంగా నార్‌ఎథిస్టిరోన్ అనే హార్మోను. 5 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు మూడు, నెలసరికి మూడు రోజుల ముందు నుంచి వాడతారు. ఆ మోతాదులో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజన్‌గా మారుతుంది. గర్భనిరోధక మాత్రలలో రక్తపు గడ్డలకు కారణమని పేరుపడినది ఈ ఈస్ట్రోజనే. దీని ప్రభావంతో కాలేయం రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాలను ఎక్కువగా తయారు చేస్తుంది. పిక్కలోని లోతు సిరలో ఏర్పడిన గడ్డ తెగి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం. వ్రతం కోసం మూడు రోజులు హార్మోను మాత్రలు వాడిన 18 ఏళ్ల యువతి ఇలాగే మృతి చెందిన ఉదంతాన్ని 2025లో ఓ రక్తనాళాల వైద్య నిపుణుడు బయటపెట్టగా దేశవ్యాప్తంగా చర్చ జరిగింది.

అరవై ఏళ్ల నాటి హెచ్చరిక

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1960లో అమెరికా తొలి గర్భనిరోధక మాత్రకు అనుమతి ఇవ్వగా, మరుసటి ఏడాదే బ్రిటన్ నుంచి గడ్డకట్టిన తొలి ఉదంతం వైద్య పత్రికకెక్కింది. ఆనాటి మాత్రల్లో ఈస్ట్రోజన్ పాలు చాలా ఎక్కువ. ప్రభుత్వం ఉచితంగా అందించే మాలా-ఎన్‌లో ఉన్నది 30 మైక్రోగ్రాములే.

అలాగని భయపడి మాత్రలు పారవేయడమూ తగదు. 1995లో బ్రిటన్ ప్రభుత్వం కొన్ని రకాలపై హడావుడిగా హెచ్చరిక చేయడంతో ఎందరో స్త్రీలు వాడకం మానేశారు, మరుసటి ఏడాది అక్కడ గర్భస్రావాలు పెరిగాయి. లెక్క తెలిస్తే భయం దానంతటదే తగ్గుతుంది. మాత్రలు వాడని, గర్భం లేని 10 వేల మంది స్త్రీలలో ఏడాదికి ఇద్దరికి గడ్డ ఏర్పడుతుందని ఐరోపా మందుల సంస్థ 2013లో తెలిపింది. మాలా-ఎన్ తరహా మాత్రలు వాడేవారిలో అది 5 నుంచి 7. డ్రోస్పిరినోన్, డెసోజెస్ట్రెల్ వంటివి కలిసిన మాత్రలలో 9 నుంచి 12. గర్భిణులకు, బాలింతలకు ఉండే ముప్పు ఇంతకంటే ఎక్కువే.

మరి మన రాష్ట్రంలో ఆందోళన దేనికి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత మహిళల్లో సుమారు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. గర్భనిరోధానికి మాత్రలు వాడేవారు ఒక్క శాతం కూడా లేరు. ఆశా కార్యకర్త ద్వారా మాత్ర అందుకునే స్త్రీకి నాలుగు ప్రశ్నలు ఎదురవుతాయి. బాలింతా, రక్తపోటు ఉందా, 35 దాటి చుట్ట అలవాటు ఉందా, చూపు మసకబారే తలనొప్పి వస్తుందా అన్నవి ఆ జాబితాలోనివి. పుష్కరాలకో, పెళ్లికో, కార్తీక వ్రతానికో దుకాణంలో హార్మోను మాత్ర కొనే స్త్రీని అడిగే నాథుడు లేడు. పైగా ఈస్ట్రోజన్ మాత్రలతో వచ్చే ముప్పు మొదలుపెట్టిన తొలి నెలల్లోనే అధికం. నెలల తరబడి మాని తిరిగి ప్రారంభిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

బోదకాలు అనుకొని..

డెల్టాలో మరో చిక్కు ఉంది. ఉభయ గోదావరి జిల్లాలు తరతరాలుగా బోదకాలు పీడిత ప్రాంతాలు. ఆ వ్యాధిపై పరిశోధన, శిక్షణ కోసం కేంద్రం నగరంలోనే ప్రత్యేక కేంద్రాన్ని నెలకొల్పిందంటే తీవ్రతను ఊహించవచ్చు. అందుచేత కాలు వాచిందంటే మన ఊళ్లలో ముందుగా వినపడే మాట బోదకాలే. కాకుంటే నరం పట్టేసిందని ఆముదం రాసి మర్దన చేస్తారు. గడ్డ ఉన్న కాలిని పిసికితే అది కదిలే ప్రమాదం ఉంది. బోదకాలు వాపు ఏళ్ల తరబడి పెరుగుతుంది. గడ్డ వల్ల వచ్చే వాపు ఒకటి రెండు రోజుల్లోనే, సాధారణంగా ఒక్క కాలికే వస్తుంది. పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటుంది. దానికి తోడు ఆయాసం, గుండెలో పోటు, కఫంలో రక్తం కనిపిస్తే తెల్లవారే వరకు ఆగకుండా ఆసుపత్రికి చేర్చాలి. మాత్రలు వాడిన సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి. మగవారి ముందు చెప్పలేక దాచేవారే ఎక్కువ. డాప్లర్ పరీక్షలో గడ్డ బయటపడుతుంది. సకాలంలో రక్తాన్ని పలుచన చేసే మందులు ఇస్తే ఎక్కువమంది కోలుకుంటారు.

నెలసరిలో స్నానం కూడదన్న ఆచారంపై వాదించడం ఈ కథనం పని కాదు. అయితే పుష్కరం పన్నెండు రోజులు, నెలసరి నాలుగైదు రోజులు. నగరంలోనూ, చుట్టుపక్కల మండలాల్లోనూ ఉండేవారికి మరో రోజు దొరకకపోదు. నెలల ముందే రైలు టిక్కెట్టు కొని దూరప్రాంతాల నుంచి వచ్చేవారికే ఆ వీలు లేదు. గంటల తరబడి కాళ్లు కదపక కూర్చుని ప్రయాణించడమే గడ్డలకు మరో కారణం. మాత్ర మింగి బయలుదేరేది ఎక్కువగా వారే.