చేరినవారెందరో కాదు, పూర్తి చేసినవారెందరో చెప్పాలి
ఉన్నత విద్య ప్రణాళికలో, కొలతల్లో రావలసిన మార్పులు

ఉన్నత విద్యకు ప్రణాళిక వేసే బాధ్యతను చట్టం చేసి ఒక మండలికి అప్పగించడంలో ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది. 1986 జాతీయ విద్యా విధానం సూచన మేరకు 1988లో రాష్ట్ర ఉన్నత విద్యా మండలి ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకూ సొంత మండలి వచ్చింది. ఏ జిల్లాకు ఏ కోర్సులు కావాలి, ఎక్కడ కాలేజీ అవసరం, ఎక్కడ కాదు అన్నవి ముందుగా తేల్చడం మండలి ప్రధాన కర్తవ్యం. జనానికి మాత్రం మండలి పేరు చెబితే ప్రవేశ పరీక్షలు, కౌన్సెలింగ్ తేదీలే గుర్తొస్తాయి.

ప్రణాళిక లేని పెరుగుదల ఎలా ఉంటుందో ఇంజినీరింగ్ విద్య చూపించింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఎన్నో పేద కుటుంబాల్లో మొదటి తరం పట్టభద్రులు వచ్చారు. అది నిజమైన మేలు. అదే కాలంలో అవసరంతో పనిలేకుండా కాలేజీలు వెలిశాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలకు చేరాయి. ఆ తర్వాత సీట్లు నిండక చాలా కాలేజీలు మూతపడ్డాయి.

ఇప్పుడున్న కొలతలు ప్రణాళికలోని ఈ లోపాన్ని పట్టుకోలేవు. కేంద్రం జరిపే అఖిల భారత ఉన్నత విద్యా సర్వే ప్రకారం 2021-22లో స్థూల నమోదు నిష్పత్తి, అంటే 18 నుంచి 23 ఏళ్ల జనాభాతో పోలిస్తే ఉన్నత విద్యలో చేరినవారి శాతం, దేశంలో 28.4. తెలంగాణలో అది 40, ఆంధ్రప్రదేశ్‌లో 36.5. 18 నుంచి 23 ఏళ్ల జనాభా లక్షకు దేశంలో సగటున 30 కాలేజీలుంటే తెలంగాణలో 52, ఆంధ్రప్రదేశ్‌లో 49 ఉన్నాయి. 2035 నాటికి నమోదును 50 శాతానికి చేర్చాలన్నది 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం. ఈ అంకెలు ఎందరు చేరారో చెబుతాయి. మధ్యలో ఎందరు మానేశారో, సప్లిమెంటరీలు రాస్తూ ఎందరు ఆగిపోయారో, పట్టా చేతికొచ్చాక ఎందరికి పని దొరికిందో చెప్పవు.

కాలేజీల నాణ్యతను మదింపు చేసే న్యాక్ ఇచ్చే గ్రేడు, కేంద్రం ప్రకటించే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు కూడా ఈ లోటును తీర్చవు. రెండింటికీ ఆధారం ప్రధానంగా కాలేజీలు స్వయంగా ఇచ్చే సమాచారం. న్యాక్ తనిఖీ బృందంలోని వారిని లంచం ఆరోపణలపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ అరెస్టు చేయడంతో ఆ పద్ధతిపై అనుమానాలు పెరిగాయి. 2016 నుంచి వెలువడుతున్న ఎన్ఐఆర్ఎఫ్ జాబితా పై వరుస సంస్థల మధ్య పోటీకి పనికొస్తుంది. మండల కేంద్రంలోని డిగ్రీ కాలేజీ ఎలా నడుస్తోందో అందులో కనిపించదు.

అవసరమైన సమాచారం చాలావరకు ప్రభుత్వాల దగ్గరే ఉంది. డిగ్రీ ప్రవేశాల వివరాలు తెలంగాణలో దోస్త్ అనే ఆన్‌లైన్ వేదికలో, ఆంధ్రప్రదేశ్‌లో మండలి ఆన్‌లైన్ విధానంలో నమోదవుతాయి. స్కాలర్‌షిప్పుల వివరాలు సంక్షేమ శాఖల వద్ద, ఫలితాలు విశ్వవిద్యాలయాల పరీక్షా విభాగాల వద్ద ఉంటాయి. వీటిని కలిపి చూస్తే ఒక ఏడాది చేరిన ప్రతి వందమందిలో ఎందరు గడువులోగా గట్టెక్కారో, ఎందరు ఏ సెమిస్టర్‌లో వెనుదిరిగారో తెలుస్తుంది. ఒక జిల్లాలో అమ్మాయిలు రెండో ఏడాదిలో ఎక్కువగా మానేస్తున్నారని తేలితే, అక్కడ కావలసింది కొత్త సీట్లా, హాస్టలా, బస్సా అన్న ప్రశ్నకు దారి దొరుకుతుంది.

అయితే ఇలాంటి కొలతకు డబ్బును తొందరపడి ముడిపెట్టడం ప్రమాదం. అమెరికాలోని టెన్నెస్సీ 1979లోనే కాలేజీల నిధుల్లో కొంత భాగాన్ని పనితీరుకు ముడిపెట్టింది. తర్వాత అనేక రాష్ట్రాలు ఆ బాట పట్టాయి. కొన్నిచోట్ల తక్కువ కాలంలో ముగిసే సర్టిఫికెట్లు పెరగడం, కాలేజీలు విద్యార్థులను ఏరికోరి చేర్చుకోవడం అధ్యయనాల్లో బయటపడ్డాయి. ఇక్కడా అదే జరిగితే, ఇంటర్ అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పిల్లలకే మొదట తలుపులు మూసుకుపోతాయి. అందువల్ల ఒకే రకం విద్యార్థులను చేర్చుకునే కాలేజీలనే పరస్పరం పోల్చాలి.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు చేపట్టవలసినవి ఇవి:

1. ప్రవేశ పరీక్షల పనిని వేరే విభాగానికి అప్పగించి, మండలిని ప్రణాళిక పనికి మళ్లించాలి.

2. ఇంటర్ ఉత్తీర్ణులు, ఖాళీ సీట్లు, అధ్యాపకుల ఖాళీలు, హాస్టళ్లు, స్థానిక ఉపాధి ఆధారంగా జిల్లాలవారీ ఐదేళ్ల ప్రణాళిక ప్రకటించాలి. దానికి లోబడే కొత్త కోర్సులకు అనుమతివ్వాలి.

3. ప్రతి కాలేజీలో కోర్సులవారీగా చేరినవారు, పూర్తి చేసినవారు, మానేసినవారి సంఖ్యను ఏటా వెల్లడించాలి. విద్యార్థుల పేర్లు, కులం వంటి వ్యక్తిగత వివరాలు బయటపెట్టకూడదు.

4. బ్రిటన్‌లో చదువు ముగిసిన సుమారు 15 నెలలకు పట్టభద్రులను సర్వే చేస్తారు. అలాంటి సర్వేను కాలేజీలతో సంబంధం లేని సంస్థతో ఇక్కడా చేయించాలి. క్యాంపస్ ఆఫర్ లెటర్లను ఉద్యోగాలుగా లెక్కించకూడదు.

5. కాలేజీలిచ్చే అంకెల్లో కొన్నింటిని ఏటా ఆకస్మికంగా తనిఖీ చేసి, తప్పుడు లెక్కలకు జరిమానా విధించాలి.

6. వెనకబడిన ప్రభుత్వ కాలేజీకి నిధులు కోయకూడదు. ముందుగా అధ్యాపకులను నియమించి, కోలుకోవడానికి మూడేళ్ల వ్యవధి ఇవ్వాలి.

7. ఈ వివరాలన్నీ వెబ్ ఆప్షన్లు పెట్టే ముందే, కాలేజీకి ఒక పేజీ చొప్పున, తెలుగులో తల్లిదండ్రులకు అందాలి.