లోబడాల్సింది ఎవరికి?

మాదాపూర్ ఆఫీసులో నాకు వరసగా ఆదివారాలు షిఫ్టు వేసినప్పుడు మా పాస్టరయ్యగారు ఎంతో ధైర్యం చెప్పారు. అపొస్తలుల కార్యములు అయిదో అధ్యాయం తెరిచి, "మనుషుల మాటకి, దేవుడి మాటకి పోటీ వస్తే ఎవరి మాట వినాలో పేతురు అధికారుల ముందే చెప్పాడమ్మా, మేనేజరుకి భయపడకు" అన్నారు. నేను భయపడలేదు. షిఫ్టు మారింది.

ఆర్నెల్లకి ఆన్‌సైట్ అవకాశం వచ్చింది. నా భర్త వద్దన్నాడు. పెళ్లయిన నెల నుంచీ నా జీతం ఏటీఎం కార్డు అతని పర్సులోనే ఉండేది. మళ్లీ అయ్యగారి దగ్గరికే వెళ్లాను. ఈసారి ఎఫెసీయుల పత్రిక తెరిచారు. భర్త మాట వినడమే దేవుడి మాట వినడం అన్నారు.

నాకు అర్థం కానిదొక్కటే. ఆఫీసులో మేనేజరు మనిషి. మరి ఇంట్లో భర్త మనిషి కాదా?

గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మ మిషన్ బడిలో అక్షరాలు దిద్దుకుంది. దేవుడొక్కడికే మొక్కుతాననడం అంటే ఆమెకి కామందు ముందు వంగకపోవడం. దళితవాడలో ఆ విధేయతే తిరుగుబాటయింది. అదే గ్రంథాన్ని మనవరాలి మెడ వంచడానికి వాడుతుంటే నేనెలా ఊరుకోను?

పండిత రమాబాయి 1883లో బాప్తిస్మం తీసుకుంది. తనని చేరదీసిన సన్యాసినులతోనే మత పెద్దల అధికారం గురించి వాదించింది. తర్వాత హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలు మొత్తాన్నీ తానే మరాఠీలోకి తెచ్చింది. విధేయత గురించి మాట్లాడే ముందు మూలం చదవాలని ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఎఫెసీయుల పత్రిక అత్యంత ప్రాచీన గ్రీకు ప్రతుల్లో కొన్నిటిలో, అయిదో అధ్యాయం 22వ వచనంలో భార్యల ప్రస్తావన ఉంది కానీ క్రియాపదమే లేదు. 'లోబడటం' అన్న మాట 21వ వచనం నుంచి అరువు తెచ్చుకోవాలి. అక్కడున్నది భార్య ఒక్కతే లోబడటం కాదు, విశ్వాసులు ఒకరికొకరు లోబడటం. ఆ వచనాన్ని దాటేసి 22 నుంచి మొదలుపెట్టడం ఎవరి అధికారం? దేవుడిదా, మగవాడిదా?

గ్రంథమంతా నా పక్షానే ఉందని బుకాయించను. తనని బాధపెట్టిన యజమానురాలి దగ్గరికే తిరిగి వెళ్లి అణిగి ఉండమని హాగరుకి చెప్పింది దేవదూతే. ఆ పేజీ దగ్గర నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. కానీ మగపిల్లల్ని చంపమన్న ఫరో ఆజ్ఞని ధిక్కరించిన మంత్రసానులు షిఫ్రా, పూయా కూడా అందులోనే ఉన్నారు. దేవుడికి భయపడ్డారు కాబట్టే రాజుకి భయపడలేదు. ఆదివారం ప్రసంగాల్లో వాళ్ల పేర్లు ఎన్నిసార్లు విన్నాం?

వచనాలు గుడి గోడల మధ్యే ఆగవు. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భర్త, భార్య వ్యభిచారం నిరూపిస్తే చాలు. భార్య మాత్రం దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్లు వదిలేసి పోవడమో కూడా నిరూపించాలి. ఆ తేడా తీసేయడానికి 2001 దాకా పట్టింది. 2013లో దక్షిణ ఇండియా సంఘం నంద్యాలలో పుష్పలలితని తన తొలి మహిళా బిషప్పుగా నిలబెట్టింది. వేదిక మీద స్త్రీ అధికారాన్ని ఒప్పుకున్నాక, వంటింట్లో దేన్ని ఆపుతారు?

"ఇంత కోపముంటే మతం వదిలెయ్యొచ్చుగా" అంటారు నా స్త్రీవాద స్నేహితురాళ్లు. అమ్మమ్మ సంపాదించిన ఆస్తి అది. ఆక్రమించుకున్నవాళ్లకి రాసిచ్చి నేనెందుకు పోవాలి?

ఆన్‌సైట్ పోయింది. కార్డు మాత్రం వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు ఎఫెసీయుల పత్రిక తెరిచినప్పుడల్లా లేచి నిలబడి అడుగుతున్నాను: "అయ్యగారూ, 21 నుంచి చదవండి."