పటం పచ్చగా ఉంటే సరా?

మా పుట్టిల్లు అనంతపురం జిల్లాలో ఒక పల్లె. అన్నయ్యకి నాలుగెకరాల మెట్ట చేను. వేరుశనగ తప్ప వేరే పంట వేసి ఎరుగడు. కొన్నేళ్ల కిందట విత్తనాలకని నా దగ్గర డబ్బు తీసుకున్నాడు. పంట రాగానే ఇస్తానన్నవాడు అక్టోబరు మొదట్లో ఫోన్ చేసి, "ఈసారి కాదమ్మా, చేను పోయింది" అన్నాడు.

సరిగ్గా ముందురోజే టీవీలో వర్షపాతం పటం చూశాను. జిల్లా అంతా పచ్చరంగు. పక్కన 'సాధారణం' అని రాసుంది. చెప్పొద్దూ, నాకు అనుమానం వచ్చింది. వదినకి ఫోన్ చేసి, "వానలు బాగానే పడ్డాయటగా!" అని దెప్పాను.

వదిన కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది: "ఏమ్మా, పటం పచ్చగుంటే పైరు పచ్చగుంటాదా? జూన్ వానకి విత్తినాము. ఊడలు దిగే ఆగస్టులో చుక్క లేదు. మిగిలిన నాలుగు కాయలు పీకే వేళకి మూడు దినాలు కుండపోత. భూమిలోనే మొలకలొచ్చినాయి."

నాకు తల కొట్టేసినట్లయింది.

తర్వాత తెలుసుకున్నాను. వాతావరణ శాఖ జూన్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా పడిన వాననంతా కూడి, ఎన్నో ఏళ్ల సగటుతో పోలుస్తుంది. 19 శాతం తగ్గినా, 19 శాతం పెరిగినా 'సాధారణమే', పచ్చరంగే. పైగా అది జిల్లా మొత్తానికి సగటు. లెక్క తప్పు కాదు. కానీ నెలంతా పస్తు పెట్టి, ఆఖరి రోజున ముప్పై రోజుల అన్నం ఒకేసారి వడ్డిస్తే లెక్క సరిపోతుంది, కడుపుకి సరిపోతుందా?

రంగుల సంగతి మరీ చిత్రం. ఈ పటంలో ఎరుపంటే 20 నుంచి 59 శాతం లోటు. అంతకన్నా ఘోరమైన లోటుకి పసుపు! అదే శాఖ ఇచ్చే వాన హెచ్చరికల్లో పసుపు అంటే కాస్త గమనించుకోమని, ఎరుపు అంటే అన్నిటికన్నా పెద్ద ప్రమాదమని. వివరం చదవకుండా రంగు చూసి నమ్మితే నాలాగే బోల్తా పడతాం.

కావాలని మాయ చేసేవాళ్లూ ఉన్నారు. 2015లో అమెరికాలో నేషనల్ రివ్యూ అనే పత్రిక భూమి ఉష్ణోగ్రతల గ్రాఫ్ ఒకటి చూపించింది. మైనస్ 10 నుంచి 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కొలత పెట్టి గీస్తే, 1880 నుంచి గీత పడుకున్నట్లే కనిపించింది. ఏ మార్పూ లేదన్నట్టు! పిల్లాడి జ్వరం 98.6 నుంచి 102కి పెరిగినా అలాంటి కాగితం మీద గీత కదిలినట్లే ఉండదు. అది చూసి ఏ తల్లయినా తడిగుడ్డ వేయకుండా ఊరుకుంటుందా?

అలాగని బొమ్మలే వద్దంటే ఎలా? 2018లో ఎడ్ హాకిన్స్ అనే బ్రిటన్ శాస్త్రవేత్త ఏడాదికో చార చొప్పున నీలం నుంచి ఎరుపుదాకా గీసిన పటం చూస్తే భూమి వేడెక్కుతోందని చదువురానివాళ్లకీ అర్థమవుతుంది. అయితే ఎన్ని డిగ్రీలు పెరిగిందో అది చెప్పదు. ఏ బొమ్మయినా కొంత చూపిస్తుంది, కొంత దాస్తుంది.

బజారులో కూరగాయలు కొనేటప్పుడు తక్కెడ ముల్లు చూడకుండా డబ్బులివ్వం కదా! ఇక్కడా అంతే. కొలత ఎక్కడ మొదలైంది, ఎన్నాళ్ల సగటు, ఏ రంగుకి ఏమర్థం, ఈ మూడూ అడిగాకే నమ్మాలి. వీలైతే ఆ ఊళ్లో ఉన్న మనిషినీ అడగాలి. పరిహారమా, పంట రుణమా అన్న మాట వచ్చినప్పుడు ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకి ఈ జాగ్రత్త మరీ అవసరం.

అన్నయ్య మరుసటేడు నా బాకీ తీర్చేశాడు. వదినని నేనన్న మాట బాకీ మాత్రం ఇంకా నా దగ్గరే ఉంది.