ఏ ల్యాబ్ చెప్పింది?

ఇన్‌స్టంట్ నూడుల్స్ మీద వాట్సాప్‌లో తిరిగే హెచ్చరికలు ప్రధానంగా నాలుగు. పోగులు ఒకదానికొకటి అంటుకోకుండా మైనం పూస్తారన్నది మొదటిది. కడుపులో 32 గంటలు అరగకుండా అలాగే ఉంటాయన్నది రెండోది. టేస్టింగ్ సాల్ట్ నరాలను దెబ్బతీస్తుందన్నది మూడోది. వాటిలో సీసం ఉందన్నది నాలుగోది. మొదటిది శుద్ధ అబద్ధం. రెండోదీ మూడోదీ గోరంతను కొండంత చేసినవి. నాలుగోదాన్ని పుట్టించింది మాత్రం ఊరూపేరూ లేని ఫార్వర్డ్ కాదు, సర్కారీ ఉత్తర్వు. పుకార్లు నమ్మొద్దని జనానికి సుద్దులు చెప్పే అధికార యంత్రాంగం ఈ నాలుగోదాని ఊసు మాత్రం ఎత్తదు. తిండి మీద వదంతులు ఎందుకు ఆగడం లేదో తెలియాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

ముందు మైనం సంగతి. మైదాను పలచని రేకులుగా ఒత్తి, పోగులుగా కోసి, ఆవిరి మీద ఉడికించి, ఆపై పామాయిల్‌లో వేయిస్తారు. వేగేటప్పుడు పోగులోని తేమ బయటికి పోయి, ఆ ఖాళీల్లోకి నూనె చేరుతుంది. 1958లో జపాన్‌లో మొమొఫుకు ఆండో మార్కెట్లోకి తెచ్చిన పద్ధతి ఇదే. సంక్రాంతి సకినాలు డబ్బాలో వారాల తరబడి చెడకుండా ఉండేది ఏ కారణం చేతనో, నూడుల్స్ నెలల తరబడి నిల్వ ఉండేదీ ఆ కారణం చేతనే. తేమ లేనిచోట సూక్ష్మజీవి పెరగదు. గిన్నె చల్లారాక పైన తేలే తెల్లటి పొరను ఫొటో తీసి, ఇదిగో మైనం అని పంపుతున్నారు. అది పేరుకున్న పామాయిల్. పోగుల మీది మెరుపూ ఆ నూనెదే.

32 గంటల కథకు వెనుక ఒక చిన్న ప్రయోగం ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యుడొకరు మాత్ర సైజు కెమెరా మింగించి, ఇంట్లో చేసిన నూడుల్స్, ప్యాకెట్ నూడుల్స్ కడుపులో ఎలా కనిపిస్తాయో వీడియో తీశారు. రెండు గంటల తర్వాత ప్యాకెట్ నూడుల్స్ పోగుల ఆకారం ఇంకా చెదరలేదు. ప్రయోగంలో పాల్గొన్నది ఇద్దరంటే ఇద్దరే. దీన్నిబట్టి ఏదీ తేల్చలేమని ఆ వైద్యుడే చెప్పారు. వీడియో ఊళ్లు దాటింది గానీ ఆ మాట మాత్రం దాని వెంట రాలేదు.

టేస్టింగ్ సాల్ట్ మీద ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 1908లో జపాన్ రసాయన శాస్త్రజ్ఞుడు కికునె ఇకెడా దాన్ని సముద్రపు నాచు నుంచి వేరుచేశాడు. 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికలో అచ్చయిన ఉత్తరంతో భయం మొదలైంది. టేస్టింగ్ సాల్ట్‌లోని గ్లుటమేటు టమాటాలోనూ సహజంగా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి ఆహార, ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం 1987లో దీనికి రోజువారీ పరిమితి పెట్టాల్సిన అవసరమే లేదని తేల్చింది. పరగడుపున పెద్ద మోతాదులో తీసుకున్న కొందరికి కాసేపు తలనొప్పి రావచ్చు. అంతకు మించిన ఆధారం ఈ భయానికి దొరకలేదు.

ఇక సీసం. బారాబంకీలో తీసిన మ్యాగీ శాంపిల్‌లో సీసం 17.2 పీపీఎం ఉందని కోల్‌కతాలోని కేంద్ర ఆహార ప్రయోగశాల రిపోర్టు ఇచ్చింది. అనుమతించిన పరిమితి 2.5. ఆ అంకెను పట్టుకుని 2015 జూన్ 5న ఆహార భద్రతా, ప్రమాణాల సంస్థ తొమ్మిది రకాల మ్యాగీని దేశమంతటా వెనక్కి తీసుకోమంది. 30 వేల టన్నులకు పైగా సరుకు బుగ్గిపాలైంది. ఇంతవరకు అందరికీ గుర్తుంది.

ఎవరికీ గుర్తులేనిది ఆ తర్వాతి అయిదు నెలల కథ. 2015 ఆగస్టు 13న బొంబాయి హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. కంపెనీ వాదన వినకుండానే నిషేధించారన్నది ఒక కారణం. రెండోది అంతకన్నా బరువైనది. పరీక్షలు జరిగిన ల్యాబ్‌లకు ఆ పరీక్ష చేసేందుకు చట్టం కోరిన గుర్తింపు లేదు. గుర్తింపు ఉన్న మూడు ల్యాబ్‌లలో మళ్లీ పరీక్షించమని కోర్టు ఆదేశించింది. వాటిలో ఒకటి మన హైదరాబాద్‌లోనిదే. మిగతా రెండు జైపూర్, మొహాలీలవి. ఆరు రకాలకు చెందిన 90 శాంపిళ్లు పరీక్షించారు. ఒక్కదానిలోనూ సీసం పరిమితి దాటలేదు. 90కి 90. నవంబర్ 9న మ్యాగీ తిరిగి అంగళ్లకెక్కింది.

ఈ 90కి 90ని పక్కనపెట్టి ఆహార వదంతుల మీద ఎన్ని సదస్సులు పెట్టినా వృథా. గుర్తింపు లేని పరీక్షను ఆధారం చేసుకుని, ఎదుటివారి మాట వినకుండా, దేశమంతటికీ హెచ్చరిక పంపితే దాన్ని ఏమంటారు? వాట్సాప్‌లో అయితే వదంతి అంటారు. రాజముద్ర ఉంటే ఉత్తర్వు అంటారు. కంపెనీ కడిగిన ముత్యమేమీ కాదు. టేస్టింగ్ సాల్ట్ కలపలేదన్న ప్యాకెట్ మీది మాటకు అభ్యంతరం చెప్పడం న్యాయమే. కానీ ప్యాకెట్ మీది రాతలో తప్పుంటే దాన్ని దిద్దించాలి. అంతే తప్ప, రాత తప్పయితే లోపలి సరుకు విషమైపోదు. తప్పుడు రాతనూ సీసాన్నీ ఒకే ఉత్తర్వులో కలిపి చుట్టేశారు. ఫలితంగా సీసం మాట ఇన్నేళ్ల తర్వాత కూడా చలామణిలో ఉంది. 17.2 అన్న అంకె తెలిసినవారికి 90కి 90 అన్న అంకె తెలియదు. నిషేధించినంత గట్టిగా, నిషేధం నిలవలేదన్న సంగతిని ఏ ప్రభుత్వమూ చాటలేదు కాబట్టి.

అదే పాఠం నేర్వకపోవడం వల్ల తెలుగు నేల మీద ఇంకా పెద్ద నష్టం జరిగింది. 2017 జూన్‌లో ప్లాస్టిక్ బియ్యం వదంతి హైదరాబాద్‌లో రేగి, రెండు రాష్ట్రాలనూ చుట్టేసింది. అన్నం ముద్ద చేసి నేలకేసి కొడితే బంతిలా ఎగురుతోందని వీడియోలు. ఉడికిన బియ్యంలోని పిండిపదార్థం జిగురుగా ముద్దకడుతుంది, గట్టిగా పిసికిన ఏ ముద్దయినా కాస్త ఎగురుతుంది. కాలిస్తే నల్లగా మాడుతోందన్నారు. పిండిపదార్థం మాడేదే అలా. కిలో ప్లాస్టిక్ ధర కిలో బియ్యం ధర కన్నా ఎక్కువైనప్పుడు బియ్యంలో ప్లాస్టిక్ కలిపి ఎవడు లాభపడతాడన్న లెక్క కూడా ఎవరూ వేయలేదు. పౌరసరఫరాల శాఖ శాంపిళ్లు తీయించి, పరీక్ష చేయించి, ప్లాస్టిక్ లేదని చెప్పింది. ఆ పని సరిగానే చేసింది.

తర్వాత వచ్చింది అసలు చిక్కు. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక రేషన్‌లో, అంగన్‌వాడీలలో, మధ్యాహ్న భోజనంలో బలవర్ధక బియ్యం విడతలవారీగా మొదలయ్యాయి. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 విటమిన్ కలిపి, మిషన్‌లో గింజ ఆకారంలో ఒత్తి, ప్రతి వంద గింజలకు ఒకటి చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. చేటలో పోసి చూస్తే ఆ ఒక్క గింజ చటుక్కున కనిపెట్టవచ్చు. కాస్త పసుపు ఛాయ, మొద్దుబారిన అంచులు. కడిగేటప్పుడు నీళ్ల మీద తేలినా తేలుతుంది. నాలుగేళ్ల కిందట ప్లాస్టిక్ బియ్యం వీడియోలు చూసిన ఇల్లాలు ఆ గింజను చూసి ఏమనుకుంటుంది? ఏరి పారేస్తుంది. సరిగ్గా ఆ గింజలోనే ఐరన్ ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత లెక్కల ప్రకారం తెలంగాణలో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి.

గింజ ముందు వచ్చింది, వివరణ ఆలస్యంగా వచ్చింది. ప్రతి రేషన్ షాపు గోడ మీదా ఆ గింజ ఫొటో, అందులో ఏముందో నాలుగు ముక్కలు, పరీక్షించిన ల్యాబ్ పేరు అంటించి ఉంటే ఆ ఫార్వర్డ్‌కు పని ఉండేది కాదు. పైగా ఈ బియ్యం మీద అడగాల్సిన అసలు ప్రశ్న ఒకటుండేది. తలసేమియా ఉన్నవారు వైద్యుల సలహాతోనే వాడాలని, సికిల్ సెల్ ఉన్నవారు వాడొద్దని బస్తా మీద రాయాలన్న షరతు 2024లో తొలగించేదాకా 2018 నిబంధనల్లోనే ఉండేది. ఏటూరునాగారం వైపు గూడేలకు ఆ హెచ్చరిక ఏ భాషలో, ఎవరి ద్వారా చేరాలన్నది అప్పుడు మాట్లాడుకోవాల్సిన విషయం. ప్లాస్టిక్ గోలలో ఆ ప్రశ్న అడుగున పడిపోయింది. నిజమైన అనుమానాన్ని కూడా వినబడకుండా చేయడం వదంతి చేసే మొదటి నష్టం.

2020 ఫిబ్రవరిలో కోడిమాంసంతో కరోనా వస్తుందన్న ప్రచారం రేగి, కోళ్ల రైతులు కుదేలయ్యారు. అప్పుడు తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి అందరి ముందూ చికెన్ తిన్నారు. ఉద్దేశం మంచిదే. కానీ జనానికి ప్లేటు చూపించారు, రిపోర్టు చూపించలేదు. మంత్రి తిన్నాడు కాబట్టి మంచిదని నమ్మే అలవాటుకూ, ఎవరో డాక్టర్ చెప్పాడట కాబట్టి చెడ్డదని నమ్మే అలవాటుకూ తేడా లేదు. 90కి 90 అని కోర్టుకు చేరిన కాగితంలో ఉన్న బలం ఏ మంత్రి ప్లేటులోనూ లేదు.

నూడుల్స్‌లో నిజంగా జాగ్రత్తపడాల్సినదేమిటో ప్యాకెట్ వెనకాలే అచ్చయి ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు అయిదు గ్రాముల ఉప్పు దాటొద్దంటుంది. అందులో సోడియం రెండు గ్రాములు. ఒక్క ప్యాకెట్‌తో, బ్రాండును బట్టి, అందులో మూడో వంతు నుంచి సగం దాకా అయిపోతుంది. 2014లో అచ్చయిన ఒక అధ్యయనం దక్షిణ కొరియాలో 10,711 మంది ఆహారాన్ని పరిశీలించింది. వారానికి రెండుసార్లు, అంతకు మించి ఇన్‌స్టంట్ నూడుల్స్ తినే స్త్రీలలో నడుము కొవ్వు, బీపీ, షుగర్ కలగలిసిన మెటబాలిక్ సిండ్రోమ్ 68 శాతం ఎక్కువగా కనిపించింది. పురుషుల్లో ఆ తేడా కనిపించలేదు. నూడుల్సే దానికి కారణమని ఇలాంటి అధ్యయనం రుజువు చేయలేదు. అయినా చర్చకు పనికొచ్చే అంకె అది. హనుమకొండ హాస్టల్ గదుల్లో కెటిల్‌లో నీళ్లు కాచుకుని రాత్రిపూట రెండు ప్యాకెట్లు లాగించే కుర్రాడికి చెప్పాల్సింది ఉప్పు గురించి, మైదా గురించి, పక్కన గుడ్డో కూరగాయలో వేసుకోవడం గురించి. మైనం భయం చూపిస్తే, అది అబద్ధమని తెలిసిన రోజున ఉప్పు మాట కూడా వినడు.

తిండి వల్ల నిజంగా ప్రాణం పోయిన సందర్భం చూస్తే, ఫార్వర్డ్‌ల నిందితులెవరూ అక్కడ కనబడరు. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ చనిపోయారు, పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. అక్టోబర్ 30న పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించింది. మైనం లేదు, ప్లాస్టిక్ లేదు, సీసం లేదు. పచ్చిగుడ్డు, శుభ్రత లేని చేతులు, ఫ్రిజ్ లేని బండి అనే మామూలు విషయాలను ఎవరూ ఫార్వర్డ్ చేయరు. వాటిలో కుట్ర కథ లేదు మరి.

అనుమానం వచ్చినవారికి చట్టంలో దారి ఉంది. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి తాను కొన్న వస్తువును ఫుడ్ అనలిస్ట్ చేత పరీక్ష చేయించుకోవచ్చు. కొనేటప్పుడే ఆ మాట దుకాణదారుకు చెప్పాలి. సరుకులో దోషం తేలితే ఫీజు వాపసు. ఈ సెక్షన్ ఉందని వరంగల్‌లో కూరగాయల మార్కెట్‌కు వచ్చే వందమందిని అడిగితే ఎందరికి తెలుసు? అధికారులు తీసిన శాంపిల్‌కైతే అనలిస్ట్ 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. వరంగల్ శాంపిళ్లకు ఏళ్ల తరబడి దిక్కు నూటనలభై కిలోమీటర్ల దూరంలోని నాచారం ప్రయోగశాలే. వదంతి ఒక పూటలో జిల్లా దాటుతుంది, జవాబుకు రెండు వారాలు. ఆ జవాబైనా ఏ శాంపిల్, ఏ ల్యాబ్, పరిమితి ఎంత, దొరికింది ఎంత అన్న నాలుగు గడులతో తెలుగులో జనం ముందు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ పని చేయకుండా ప్రతి పండుగకూ ముందు దాడులు, కెమెరాల ముందు పారబోతలు, మర్నాటి పేపర్లో ఫొటో. తీసిన శాంపిల్ ఏమైందన్న వార్త మాత్రం రాదు.

అబద్ధపు ఫార్వర్డ్‌తో భయాందోళన రేపాలని చూసినవారికి భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. పోలీసు హెచ్చరికల్లో ఈ మాట తరచూ వినిపిస్తుంది. 2015 జూన్ ఉత్తర్వుకు మాత్రం ఏ సెక్షనూ వర్తించదు. సద్భావంతో చేసిన పనికి ఆహార చట్టంలోనే రక్షణ ఉంది. అంతటితో ఆగినా సరిపోయేది. హైకోర్టు ఉత్తర్వును కొట్టేయడానికి కాస్త ముందే కేంద్రం అదే మ్యాగీ మీద జాతీయ వినియోగదారుల కమిషన్‌లో 640 కోట్ల రూపాయలకు దావా వేసింది. 90కి 90 వచ్చాక కూడా దాన్ని వెనక్కి తీసుకోలేదు. 2024 ఏప్రిల్‌లో కమిషన్ ఆ దావాను కొట్టేసింది. దాదాపు తొమ్మిదేళ్లు పట్టిన ఆ ఓటమి గురించి పౌరులకు ఒక్క వివరణ రాలేదు. హాస్టల్ కుర్రాడు పంపిన సీసం మెసేజ్ మాత్రం ఇప్పటికీ శిక్షార్హమైన పుకారే.