మాటకు కొరత చూపునకు కొరతయా?

ఒక జాతికి రంగుల పేర్లు కొలదిగా నున్నచో, ఆ జాతి చూపే కొరవడినదని తీర్పు చెప్పిన పండితులు గలరు. 1858లో గ్లాడ్‌స్టన్, హోమరు కావ్యములలో సముద్రమునకు ద్రాక్షాసవపు రంగు చెప్పబడుటయు, నీలమునకు స్పష్టమైన పేరు కానరామియు జూచి, ప్రాచీన గ్రీకుల వర్ణజ్ఞానము అపరిపక్వమని వ్రాసెను. 1877లో మాగ్నసు అను జర్మను నేత్రవైద్యుడు, మనుష్యుని కన్నే క్రమముగా రంగులను నేర్చినదని సిద్ధాంతము చేసెను.

ఇందుకు సాక్ష్యమేది? పేరు లేదు గనుక చూపు లేదనుటయే! అట్లయిన మనమును ముద్దాయిలమే. పచ్చని చేను అందుము. పచ్చని మేనిచాయ అందుము. ఆకునకును పసుపునకును ఒకే మాట. అంతమాత్రమున కోతకు వచ్చిన చేనేదో, రానిదేదో మన రైతెరుగడా? అవసరమైనచోట ఆకుపచ్చ, పసుపుపచ్చ యని విడదీయుచునే యున్నాము.

రష్యనులు లేతనీలమును 'గలుబోయ్' అనియు, ముదురునీలమును 'సీనియ్' అనియు వేరు రంగులుగా నెంచుదురు. ఆంగ్లేయులకు రెండును 'బ్లూ'యే. ఆ న్యాయముననే ఆంగ్లేయుల కన్ను తక్కువదని యేల తీర్పు చెప్పరైరి? మాట చూపునకు కొంత చురుకు నిచ్చుననుట నిజమే. 2007లో వెలువడిన పరీక్షలో, ఆ రెండు నీలముల హద్దునకు ఇరువైపుల నున్న చాయలను రష్యనులు త్వరగా వేరుపరచిరి. ఆంగ్లభాషీయులకు అట్టి లాభము కానరాలేదు. అది మాటల యలవాటే గాని, జాతుల తారతమ్యము గాదు.

తన నిఘంటువును తక్కెడగా బట్టి పరజాతుల కన్నులను తూచుట శాస్త్రము గాదు, అహంకారము. ఒక భాషలో లేనిదాని నెత్తిచూపి ఆ ప్రజను చిన్నబుచ్చువానిని, పాఠకులారా, మొదట నడుగుడు: నీ భాషలో లేనివెన్ని?