చేదువేరూ, అతిమధురమూ

'పులితేన్పు' అనే మాట పుట్టించిన తెలుగువాడెవరో గాని, ఆ బాధ పడినవాడే అయివుండాలి. ఈ విషయంలో చీనావాళ్లూ తక్కువ తినలేదు. గొంతుదాకా ఎగదన్నిన పులుపుని మళ్లీ మింగుకోవడాన్ని వాళ్లు 'థున్ స్వాన్' అంటారు. అంటే పులుపు మింగడం. అది నోటివెంట బయటపడితే 'థూ స్వాన్', పులుపు కక్కడం.

వాళ్ల పాత వైద్యం చెప్పేదేమిటంటే, పొట్టలోని 'ఛీ' అనే ప్రాణశక్తికి నడక కిందికి. అది ఎదురుతిరిగితే పులుపు పైకొస్తుంది. ఎందుకు తిరిగిందన్నదే వైద్యుడి ప్రశ్న. ఒకరికి తిండి ఎక్కువై, ఒకరికి పొట్టలో చలవ చేరి, మరొకరికి కోపం దిగమింగి. కోపానికి కాలేయం స్థానమనీ, దాని వేడి పొట్టమీద పడుతుందనీ వాళ్ల నమ్మకం. ఇది చదివి వినిపిస్తే మా ఇంటావిడ, "ఈమాత్రానికి చీనా దాకా వెళ్లాలా?" అంది.

అందుచేత మంట ఒకటే అయినా కషాయం ఒకటి కాదు. సుమారు 1,800 ఏళ్లనాటి జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడి యోగం ఒకటుంది. పైపొట్ట బిగదీసినట్టుండే బాధకి ఆయన చెప్పినదాన్ని ఇప్పుడు పులితేన్పులకీ ఇస్తున్నారు. అందులో ఏడు దినుసులు: 'బాన్ శ్యా' అనే దుంప, జిన్‌సెంగ్ వేరు, రెండు చేదువేళ్లు, శొంఠి, అతిమధురం, మన రేగుకి దాయాది అయిన పండు. చివరి మూడూ మనకీ చుట్టాలే గదా! చేదు వేడిని దించుతుంది, శొంఠి చలవని విరుస్తుంది, తీపి రెంటికీ రాజీ కుదురుస్తుంది.

ఆ చేదువేళ్లలో ఒకటి 'హువాంగ్ లియన్'. చెప్పుకోలేని కష్టం పడేవాణ్ణి, "మూగవాడు హువాంగ్ లియన్ నమిలినట్టు" అంటారు అక్కడ. ఇంకా వాళ్లు కడుపులో పులుపుకి వాడే సముద్రఫేనం మన ఆయుర్వేదానికీ తెలిసినదే. అది చాలావరకు కాల్షియం కార్బొనేటు. మందుల షాపులో దొరికే పులుపు విరిచే మాత్రలు కొన్నింటిలో వుండేదీ అదే.

మా కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడికి సింగపూరులో వున్న కూతురు ఇలాంటి పొట్లమే పంపింది. ఆయన చాలా కాలంగా రక్తపుపోటుకి మాత్రలు వాడుతున్నాడు. "ఆకులూ వేళ్లే గదండీ, చెరుపేం చేస్తాయి?" అన్నాడు. చేస్తాయి. అతిమధురం రోజూ ఎక్కువగా పుచ్చుకుంటే రక్తంలో పొటాషియం తగ్గుతుంది, పోటు పెరుగుతుంది. బాన్ శ్యా పచ్చిది విషం. అల్లంతోనో పటికతోనో శుద్ధి చెయ్యనిదే వాడరు. 1990ల ఆరంభంలో బెల్జియంలో ఒళ్లు తగ్గడానికిచ్చిన చీనా మూలికల్లో, పేర్లు దగ్గరగా వుండి ఒకదానికి బదులు మరొకటి చేరింది. ఎందరో స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి.

పొట్లంతోబాటు వచ్చిన కాగితం పట్టుకుని మిత్రుడు తన డాక్టరు దగ్గరికి వెళ్లాడు. అతిమధురం పేరు చూడగానే ఆయన పొట్లం విప్పవద్దన్నారు.

ఈ కషాయాలమీద ఇప్పటి పద్ధతుల్లో పరీక్షలు జరిగాయి గాని, చాలావరకు చిన్నవి. గుణం లేదని కొట్టిపారెయ్యనక్కర్లేదు, వుందని గుడ్డిగా తాగనూ కూడదు. అసలు చీనా వైద్యుడే నాడి పట్టి, నాలుక చూసి, మనిషినిబట్టి దినుసులు మారుస్తాడు. ఊరు దాటి వచ్చిన పొట్లంలో మూలికలన్నీ వుంటాయి, ఆ వైద్యుడు వుండడు.

ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, ముద్ద దిగకపోయినా, మలం నల్లగా వచ్చినా, కారణం లేకుండా ఒళ్లు తగ్గినా, చీనా కషాయమూ వద్దు, మన శొంఠి కషాయమూ వద్దు. వెంటనే డాక్టరుకి చూపించండి. వట్టి పులితేన్పులే అయితే, రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు వ్యవధి వుంచి, మంచానికి తలవైపు కాస్త ఎత్తు పెట్టి చూడండి. దీనికి కషాయం కాచే పని కూడా లేదు.